అక్టోబర్‌లో చిన్న ఊళ్ళ మారథాన్: స్క్రాంటన్ స్టీమ్‌టౌన్ పరిగెత్తినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కాలువగట్టు:
అందరికీ నమస్తే. న్యూయార్క్ లాటరీ మళ్ళీ పోయింది, రెండు లక్షల పైన అప్లికేషన్లంట, నూటికి ఇద్దరు ముగ్గురికి తగుల్తుందంట, దానికోసం కూర్చుంటే నేను ముసలాణ్ణి అయిపోతా. అందుకే లాటరీ గోల లేని చిన్నది ఏదైనా చూద్దామని వెతుకుతుంటే పెన్సిల్వేనియాలో స్టీమ్‌టౌన్ కనపడింది. అక్టోబర్ రెండో ఆదివారం, ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊళ్ళో మొదలై స్క్రాంటన్ డౌన్‌టౌన్‌లో అయిపోతుంది, మా న్యూజెర్సీ నుంచి రెండు గంటల డ్రైవ్. మొత్తమ్మీద 955 అడుగులు దిగుడు అని చదవగానే ప్రాణం లేచొచ్చింది. ఫాల్ కలర్స్ కూడా బావుంటాయంటున్నారు. హాఫ్ మారథాన్‌లు చేశా, ఫుల్ (26.2 మైళ్ళు) ఇదే మొదటిది. నా ట్రైనింగ్ అంతా ఇక్కడి డి అండ్ ఆర్ కెనాల్ అనే కాలువ గట్టు మీదే, బల్లపరుపు దారి, ఒక్క మిట్ట ఉండదు. నాలుగు గంటల్లోపు కొట్టాలని కోరిక. దిగుడే కదా, గట్టు మీద చేసింది సరిపోతుందా? పరిగెత్తినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి.

ఎడిసన్ బాబాయ్:
దిగుడైతే పరిగెత్తడం ఎందుకయ్యా, పైన బస్సు దిగి కాళ్ళు ముడుచుకుంటే స్క్రాంటన్‌లో తేల్తావు.

పిక్కబలం:
కాలువగట్టు గారూ, ఆ 955 అంకె చూసే చాలామంది సంతకం పెడతారు, నేనూ దాన్ని చూసే వెళ్ళా, తర్వాత ఇష్టంతో వెళ్తూనే ఉన్నా కాబట్టి నాకు తెలిసింది రాస్తా, కొంచెం పొడుగవుద్ది ఓపిగ్గా చదవండి.

దిగుడు అంతా సమానంగా పంచి ఉండదు. ఎక్కువ భాగం మొదటి ఎనిమిది మైళ్ళలోనే. పొద్దున ఎనిమిదింటికి ఫిరంగి పేలుద్ది, నిజం ఫిరంగే, చెవులు మూసుకోండి, గుండె ఝల్లుమంటుంది. అక్కణ్ణించి కార్బన్‌డేల్ దాకా రోడ్డు మిమ్మల్ని వెనకనుంచి తోస్తుంటుంది. కొత్త కాళ్ళు, చలిగాలి, చుట్టూ అందరూ దూసుకుపోతుంటారు, వాచీలో పేస్, అంటే మైలుకి పట్టే టైము, చూస్తే మీకే నమ్మకం కుదరదు. చీటీ మొదటి నెల్లోనే పాడుకున్నట్టు అన్నమాట, డబ్బు చేతిలో ఉంటుంది, కట్టాల్సినవన్నీ ముందున్నాయి. ఆ కట్టేది ఎక్కడంటే ఆఖరి మూడు మైళ్ళలో. స్క్రాంటన్‌లోకి వచ్చాక గ్రీన్ రిడ్జ్ వైపు మిట్టలు మొదలవుతాయి. మామూలు రోజున కారులో వెళ్తే అక్కడ మిట్ట ఉందని కూడా తెలీదు, ఇరవై మూడు మైళ్ళు తిన్న కాళ్ళకి మాత్రం తెలుస్తుంది. చివర వాషింగ్టన్ ఎవెన్యూ మీద ఇంకోటి, అది ఎక్కేశాక కొద్ది బ్లాకులు దిగితే కోర్ట్‌హౌస్ స్క్వేర్‌లో ఫినిష్.

నాలుగు గంటలంటే మైలుకి 9:09. మొదటి ఎనిమిది మైళ్ళలో 8:55 కంటే స్పీడుగా వెళ్ళొద్దని నా మాట. ఊరికే వస్తున్న స్పీడు అనిపిస్తుంది, ఊరికే రాదు.

ఇంకో సంగతి, సగం దాటాక కొంత దూరం పాత రైలు దారి మీద నడుస్తుంది కోర్సు, తారు కాదు మట్టీ సన్న కంకరా, పక్కన చెట్లు. ముందు రోజు వాన పడితే తడి ఆకులుంటాయి, మలుపుల దగ్గర జాగ్రత్త. జనం కూడా ఉండరక్కడ. నాకైతే కోర్సు మొత్తంలో నచ్చిన భాగం అదే.

బోస్టన్ పిచ్చి:
ఇది బీక్యూ కోర్సు బ్రదర్, అంటే బోస్టన్ మారథాన్‌కి క్వాలిఫై అయ్యే టైము కొట్టే చోటు, సగం మంది టైము కోసమే వస్తారు. అయితే ఒకటి గమనించండి, బోస్టన్ వాళ్ళు 2027 రేసు నుంచి దిగుడు కోర్సులకి పెనాల్టీ పెట్టారు. నికరంగా 1,500 అడుగులనుంచి 2,999 దాకా దిగితే మీ టైముకి 5 నిమిషాలు కలుపుతారు, 3,000 నుంచి 5,999 అయితే 10 నిమిషాలు, 6,000 దాటితే అసలు లెక్కలోకే తీసుకోరు. స్టీమ్‌టౌన్ 955 కాబట్టి సేఫ్. కొండమీద నుంచి కిందకి దూకే రేసులకి మాత్రం గట్టి దెబ్బే.

బోస్టన్‌కి క్వాలిఫై అవ్వాలంటే నలభై నుంచి నలభై నాలుగేళ్ళ మగవాళ్ళకి ఇప్పుడు 3 గంటల 5 నిమిషాలు, ఆడవాళ్ళకి 3:35. అది కొట్టినా సీటు గ్యారంటీ లేదు, 2026కి 4 నిమిషాల 34 సెకన్లు ఇంకా తక్కువ ఉన్నవాళ్ళకే ఇచ్చారు, అంతకు ముందేడు 6:51.

ఎడిసన్ బాబాయ్:
ఎంసెట్ కటాఫ్ తప్పించుకుని అమెరికా వస్తే ఇక్కడా కటాఫే.

నెమ్మదిరాణి:
దిగుడు కోర్సు మీద టైము కొట్టి గొప్పగా చెప్పుకోవడం నాకెప్పుడూ అర్థం కాదు, ఎవరూ ఏమీ అనుకోవద్దు. సైకిల్ దిగువకి వదిలేసి నేనే తొక్కానంటే ఎలా?

బోస్టన్ పిచ్చి:
మేడం, బోస్టన్ కూడా దిగుడే. 459 అడుగులు. ఆ మాటకొస్తే 2011లో కెన్యా రన్నర్ జెఫ్రీ ముతాయ్ అక్కడ 2:03:02 కొట్టాడు, అప్పటికి ప్రపంచంలో ఎవరూ అంత స్పీడుగా పరిగెత్తలేదు, అయినా వరల్డ్ రికార్డు ఇవ్వలేదు. ఎందుకంటే రూలు ప్రకారం కిలోమీటరుకి సగటున ఒక మీటరు కంటే ఎక్కువ దిగకూడదు, స్టార్ట్‌కీ ఫినిష్‌కీ మధ్య దూరం మొత్తం రేసులో సగానికి మించకూడదు. బోస్టన్ రెండిట్లోనూ ఫెయిల్. ఆ రోజు వెనకగాలి కూడా ఉంది. మరి ముతాయ్ మోసం చేశాడంటారా?

నెమ్మదిరాణి:
ముతాయ్‌ని అనట్లేదు బాబూ, కష్టపడలేదనీ అనట్లేదు. వేరే కోర్సు టైముతో పోల్చొద్దనే నా గొడవ. నేను పరిగెత్తింది మెయిన్ రాష్ట్రంలో మౌంట్ డెజర్ట్ ఐలాండ్ మారథాన్, బార్ హార్బర్‌లో మొదలై సౌత్‌వెస్ట్ హార్బర్‌లో అయిపోతుంది, అదీ అక్టోబరే. అక్కడ చదునుగా ఒక్క మైలు కూడా వరసగా దొరకదు. ఎక్కు, దిగు, మళ్ళీ ఎక్కు. సీల్ హార్బర్ దాటాక సార్జెంట్ డ్రైవ్ అని ఒక రోడ్డు, ఒక పక్క కొండ రాయి, ఇంకో పక్క సోమ్స్ సౌండ్ అనే సముద్రపు పాయ నీళ్ళు, అవతలి గట్టు మీద ఎర్రగా పచ్చగా చెట్లు. నేను అక్కడ పరిగెత్తడం మానేసి నడిచా, అలిసిపోయి కాదు, పరిగెత్తితే తొందరగా అయిపోతుందని. నా టైము చెప్తే మీరు నవ్వుతారు, ఐదు గంటల పైమాటే. ఇప్పుడు చెప్పండి, ఆ టైముని స్టీమ్‌టౌన్ టైము పక్కన పెట్టి ఏం చేస్తాం?

పిక్కబలం:
ఈ మాట కరెక్టు. సీనరీ కోసం వెళ్ళేవాళ్ళు మెయిన్‌కి వెళ్ళండి. స్టీమ్‌టౌన్‌లో చెట్లు బాగానే ఉంటాయి కానీ అది ముఖ్యంగా ఊళ్ళ రేసు. కార్బన్‌డేల్, జెర్మిన్, ఆర్చ్‌బాల్డ్, ఒలిఫంట్ ఇలా ఒకదాని వెనక ఒకటి పాత బొగ్గుగని ఊళ్ళు, ప్రతి ఊళ్ళో ముసలివాళ్ళు ఇంటిముందు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు, పిల్లలు కమలాపండు ముక్కలు పట్టుకుని నిలబడతారు, బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు చీటీ) మీద పేరు చూసి పిలుస్తారు. మన పేరు పలకడం రాక అవస్థ పడతారు పాపం, అయినా వదలరు. వీటన్నిటి వెనకా కొండలూ ఆకులూ. పోస్ట్‌కార్డు అందం కాదు గానీ నాకు ఇదే ఎక్కువ.

గచ్చిబౌలి గాలి:
అన్నా మీరు చలి చలి అంటుంటే మాకు కడుపు మండుతుంది. ఇక్కడ హైదరాబాద్ మారథాన్ ఆగస్టుల, నెక్లెస్ రోడ్ కాన్నుంచి గచ్చిబౌలి స్టేడియం దాక, పొద్దుగాల స్టార్ట్ చేసినా గాలిల తేమకు అంగీ పిండితె నీళ్ళు కారుతయి, ఫ్లైఓవర్లు ఎక్కుడు దిగుడు లెక్క వేరే. అక్టోబర్‌ల ఆఫీసు పని మీద ఫిలడెల్ఫియా వస్తున్న. నాకు బిబ్ దొరుకుతదా? అక్కడ చలి ఎంతుంటది?

పిక్కబలం:
తమ్మీ రా రా. లాటరీ లేదు, బిబ్బులు అయిపోయేలోపు ఎవరు ముందు కడితే వాళ్ళకే, కాబట్టి ఆగకు. ఆ టైములో పొద్దున మామూలుగా 5 నుంచి 8 డిగ్రీలు ఉంటది, ఒక్కో ఏడు ఎండ కూడా కాస్తది, గ్యారంటీ ఏం లేదు. స్క్రాంటన్ నుంచి స్కూలు బస్సుల్లో పైకి తీసుకెళ్తారు, రేసు మొదలయ్యేదాకా అక్కడి హైస్కూల్ జిమ్‌లో వెచ్చగా కూర్చోవచ్చు. పెద్ద సిటీ రేసుల్లో చలికి వణుకుతూ చెత్త సంచులు కప్పుకుని గంటలు గంటలు నిలబడినవాళ్ళకి తెలుస్తది ఆ జిమ్ విలువ. బాత్రూం లైను కూడా మనుషులు తట్టుకునేంతే. పారేయడానికి ఒక పాత స్వెటర్ తెచ్చుకో.

మోకాలిచిప్ప:
ఫిజియోథెరపీ నా వృత్తి కాబట్టి ఒక మాట. కాలువగట్టు గారి అసలు ప్రశ్నకి ఎవరూ సూటిగా సమాధానం చెప్పలేదు. కెనాల్ గట్టు సరిపోదండీ.

దిగేటప్పుడు ఆయాసం రాదు, అందుకని సుళువు అనుకుంటాం. కానీ ప్రతి అడుగులో తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి. కండరం ముడుచుకుంటూ చేసే పనికంటే సాగుతూ చేసే పనిలో పీచు ఎక్కువ దెబ్బతింటుంది. రేసులో దాని ఫలితం ఇరవయ్యో మైలు దగ్గర తొడలు రాళ్ళయిపోవడం, రేసయ్యాక రెండు మూడు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగడం. మంచి కబురు ఏంటంటే శరీరం ఇది త్వరగా నేర్చుకుంటుంది. ఒక్కసారి గట్టిగా దిగుడు మీద పరిగెత్తి ఒళ్ళు నొప్పులు పడ్డాక, తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి దెబ్బ చాలా తక్కువ తగులుతుంది. అందుకని రేసుకి నెలరోజుల ముందునుంచి మీ లాంగ్ రన్ కొన్నైనా సోర్‌లాండ్ మౌంటెన్ రోడ్లమీదకి మార్చండి, మీకు దగ్గరే. మొదటి భాగం దిగుడు, చివర్లో ఎక్కుడు వచ్చేలా దారి చూసుకోండి. ఆఖరి రెండు వారాల్లో మాత్రం దిగుడు జోలికి పోవద్దు.

దిగేటప్పుడు వెనక్కి వాలి బ్రేకు వేయకండి, అదే తొడల్ని తినేది. అడుగులు చిన్నవి, తొందర తొందరగా. పాదం మీ ఒంటి కిందే పడాలి, ముందుకు చాపకూడదు.

కాలువగట్టు:
అమ్మో ఇంత ఉందా. మోకాలిచిప్ప గారూ చాలా థాంక్సండీ, సోర్‌లాండ్ ఈ ఆదివారమే మొదలుపెడతా. ఇంకో రెండు ప్రశ్నలు. ఒకటి తిండి, నేను శాకాహారిని, ముందు రోజు రాత్రి అక్కడ ఏం తినాలి? రెండోది, మా అత్తగారు మామగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, వాళ్ళని ఇంట్లో వదిలి రాలేను, అక్కడ అన్ని గంటలు ఏం చేస్తారు వాళ్ళు? మా అత్తగారు ఇప్పటికే అడిగేశారు, డబ్బులు కట్టి మరీ పరిగెత్తడం ఏంటి నాయనా, ఎవరైనా తరుముతున్నారా అని.

ఎడిసన్ బాబాయ్:
ఆవిడకి నా పాదాభివందనాలు చెప్పు.

సరే సీరియస్‌గా చెప్తా, ఎందుకంటే ఈ విషయంలో నాకు డాక్టరేట్ ఇవ్వాలి. మా ఆవిడ పరిగెడుతుంది, నేను కారు తోల్తా. ఊళ్ళూళ్ళూ తిరిగి ప్రతి చోటా చూడాలని ప్లాన్ వేయొద్దు, రోడ్లు మూసేస్తారు, సగం చోట్ల నువ్వు దాటి పోయాక మేము వస్తాం, అత్తగారికి నడుంనొప్పి వస్తుంది. ఒకే ఒక్క చోటు, కోర్ట్‌హౌస్ స్క్వేర్. మడత కుర్చీలు, ఫ్లాస్కులో కాఫీ, రెండు దుప్పట్లు. రేసు మొదలయ్యాక చాలా టైము ఉంటుంది కాబట్టి హోటల్లో తీరిగ్గా స్నానాలు చేసి టిఫిన్ తిని పదింటికి బయల్దేరితే చాలు. ముందు రోజు శనివారం వాళ్ళని స్టీమ్‌టౌన్ నేషనల్ హిస్టారిక్ సైట్‌కి తీసుకెళ్ళు, ఈ రేసుకి పేరు అక్కణ్ణించే. ఆవిరి ఇంజన్లుంటాయి, బిగ్ బాయ్ 4012 అని ఒకటుంది, పక్కన నిలబడితే చక్రమే దాదాపు మనిషంత ఉంటుంది.

కాలువగట్టు:
బాబాయ్ మీరు దేవుడు. మా మామగారు కాజీపేట లోకో షెడ్‌లో రిటైరయ్యారు!! ఇప్పుడే చెప్పా, ఆయన పరుగు సంగతి వదిలేసి ఎప్పుడు వెళ్తున్నాం అంటున్నారు.

ఇల్లందు బిడ్డ:
చాలా రోజుల్నించి చదువుడే గాని రాయలేదు, కార్బన్‌డేల్ పేరు చూసి ఆగలేకపోయిన. మాది ఇల్లందు, సింగరేణి మొదలైందే మా ఊళ్ళ. స్క్రాంటన్‌ల లాకవాన్నా కోల్ మైన్ టూర్ అని ఉంది, మెక్‌డేడ్ పార్క్‌ల. బండిల కూచోబెట్టి భూమి లోపలికి మూడొందల అడుగులు దింపుతరు, లోపల ఏడాది పొడుగూ 12 డిగ్రీల దగ్గర్నే ఉంటది, స్వెటర్ తప్పనిసరి. వాళ్ళది ఆంత్రసైట్, మన బొగ్గుకంటె గట్టిది, పొగ తక్కువ. మా నాయినను తీసుకపోయిన, ఆయన గైడ్‌ను ఆపి రూఫ్ బోల్టింగ్ (గని పైకప్పు కూలకుంట బోల్టులు కొట్టుడు) గురించి అడుగుడు మొదలువెట్టిండు, గైడ్ కూడ గని కార్మికుని కొడుకే అంట, ఇద్దరికి ఒకరి భాష ఒకరికి రాదు, నేను మధ్యల తర్జుమా చేసుకుంట నిలబడ్డ, మిగితా జనమంత ఆగి చూసుడే. పరుగుతోటి సంబంధం లేదు గాని పెద్దోళ్ళున్నరు కదా అని చెప్పిన.

పిక్కబలం:
సంబంధం ఎందుకు లేదు అన్నా, ఆ ఊళ్ళ మధ్యలోంచే కదా పరిగెత్తేది.

తిండి సంగతి. ఊరి పక్కనే ఓల్డ్ ఫోర్జ్, పిజ్జాకి ప్రపంచ రాజధాని అని వాళ్ళకి వాళ్ళే పేరు పెట్టుకున్నారు, నలుచదరం ట్రేలో చేస్తారు, బావుంటది, కానీ శనివారం మధ్యాహ్నం తినండి, రాత్రి వద్దు, చీజు ఎక్కువ. రాత్రికి ఇంటినుంచి పెరుగన్నం డబ్బాలో తెచ్చుకుని హోటల్లో తినేయండి, అలవాటైన తిండికి మించింది లేదు. అందులోకి ఆవకాయ మాత్రం వద్దు. చెప్తే వినరు చాలామంది.

మోకాలిచిప్ప:
పప్పు, ఆకుకూర, సాంబారు కూడా ఆ రాత్రికి తగ్గించండి, పీచు ఎక్కువైతే మధ్యలో పొదలు వెతుక్కోవాలి. పొద్దున బస్సుకి ముందే ఉప్మా లాంటిది కాస్త, రేసుకి మూడు గంటల ముందు పడితే చాలు. ఇక నీళ్ళు. ప్రతి టేబుల్ దగ్గరా తాగెయ్యాలనుకోకండి, దాహం వేస్తే తాగండి, ముఖ్యంగా చలిలో. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువైంది, ఎక్కువగా పరుగులో అవసరానికి మించి తాగి బరువు పెరిగినవాళ్ళకి. నాలుగు గంటలు దాటి పరిగెత్తేవాళ్ళకి ఈ రిస్కు ఎక్కువ, ఎందుకంటే నెమ్మదిగా వెళ్తే తాగడానికి తీరిక ఎక్కువ.

నెమ్మదిరాణి:
నన్నే అంటున్నారు కదా 😀

సరే నాకూ ఒక డౌటు. మెయిన్‌లో చివరి ఆరు మైళ్ళు నా ముందు ఒకాయన, వెనక ఎవరూ లేరు. నాకది హాయిగానే ఉంది, నా చెప్పుల చప్పుడు నాకు వినపడుతూ. అయితే మొదటిసారి ఫుల్ చేసేవాళ్ళు కొందరు అక్కడే వదిలేస్తారు, పక్కన మనిషి లేకపోతే మనసు మాట వినదు. స్టీమ్‌టౌన్‌లో నాలుగైదు గంటల వాళ్ళకి తోడు ఉంటుందా?

పిక్కబలం:
నాలుగు గంటల దగ్గర ఉంటారు, ఐదు దాటాక పల్చబడతారు, రైలు దారి మీద మరీ. కానీ ఊళ్ళల్లో జనం ఆఖరివాళ్ళ దాకా ఉండటం నేను చూశా. టైం లిమిట్ మాత్రం ఆ ఏడాది రూల్సులో చూసుకుని కట్టండి.

గచ్చిబౌలి గాలి:
ఆకులు ఎప్పుడు పీక్‌ల ఉంటయి? ఫొటోల ఎర్రగ మండుతున్నయి, నిజంగనే గట్లుంటయా లేక ఫిల్టరా? ఇంట్ల అడుగుతున్నరు.

చలికోటు:
ఫిల్టర్ అక్కర్లేదు. ఆ ప్రాంతంలో అక్టోబర్ నడిమి వారాలు బావుంటాయి, రేసు దానికి కాస్త అటూ ఇటూ పడుతుంది. పొద్దు తగ్గేకొద్దీ చెట్టు ఆకులోని పత్రహరితం విరగ్గొట్టుకుని వెనక్కి లాక్కుంటుంది, అప్పటిదాకా దానికింద దాక్కున్న పసుపు రంగు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, అది అప్పటికప్పుడు తయారయ్యేది, పగలు మంచి ఎండ, రాత్రి మంచు పడనంత చలి ఉంటే మేపుల్స్ బాగా ఎర్రబడతాయి. సెప్టెంబరంతా మబ్బుగా వెచ్చగా ఉంటే ఆ ఏడు చప్పగా ఉంటుంది. ఎత్తులో ఉన్న ఫారెస్ట్ సిటీలో ముందు మారతాయి, కింద స్క్రాంటన్‌లో ఆలస్యం, అంటే మీరు పరిగెత్తుతూ ఎరుపులోంచి పచ్చలోకి దిగుతారు.

కాలువగట్టు:
రేసు అయిపోయింది!! లేటుగా రాస్తున్నా, ఇల్లు చేరాక దసరా బొమ్మల పేరంటాలు, ఆఫీసు, ఈ మెట్లు. మోకాలిచిప్ప గారు చెప్పినట్టు వెనక్కి తిరిగే దిగా.

టైము 4:06. మొదటి సగం 2:01, రెండో సగం 2:05.

ఫిరంగి గురించి చెప్పినా ఎగిరిపడ్డా. బస్సు దిగ్గానే ఆ హైస్కూల్ పిల్లలు వరసగా నిలబడి చప్పట్లు కొడుతూ లోపలికి తీసుకెళ్తారు, ఇంకా పరుగే మొదలవ్వలేదు, అప్పుడే ఏదో గెలిచేసినంత హడావిడి. మొదటి మైళ్ళలో నన్ను దాటి ఎంతమంది పోయారో, ఒక తాతగారు కూడా దాటేశారు, నేను మాత్రం 9:00కి అటూ ఇటూ పట్టుకుని కూర్చున్నా, ఒళ్ళంతా పోదాం పోదాం అంటుంటే ఆపడమే పెద్ద పని. కార్బన్‌డేల్‌లో ఒకావిడ నా బిబ్ చూసి వెం... వెంకా... అని ఆగిపోయి గో వి అని అరిచింది, పక్కనున్నవాళ్ళందరూ వి వి అని అందుకున్నారు.

రైలు దారి పిక్కబలం గారన్నట్టే. చెట్లు రెండు పక్కలా కమ్ముకుని, కింద ఆకులు, ఏటి చప్పుడు. అక్కడ నేనూ ఇంకో ఇద్దరూ, ముగ్గురం మాట్లాడుకోకుండా ఒకే పేస్‌లో చాలాసేపు వెళ్ళాం. ఇరవై ఒకటో మైలు దాకా నాలుగు గంటలకి దగ్గర్లోనే ఉన్నా. తర్వాత తొడలు బిగుసుకోవడం మొదలైంది, ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెం. గ్రీన్ రిడ్జ్ మిట్ట మీద అడుగు పడ్డం తగ్గింది, వాషింగ్టన్ ఎవెన్యూ మిట్టలో సగం నడిచా. పైకి వచ్చి ఫినిష్ కనపడ్డాక మళ్ళీ కాళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో తెలీదు. మామగారు ఫోనులో వీడియో తీశారు, తీరా చూస్తే నా పక్కన పరిగెత్తే తెల్లాయన్ని తీశారు మొత్తం. అత్తగారు మెడల్ చేతిలో పట్టుకుని ఇత్తడేనా అని అడిగారు.

బోస్టన్ పిచ్చి:
కంగ్రాట్స్ బ్రో! కానీ ఒక మాట, మొదట్లో మరీ అణుచుకున్నావేమో. 8:40లో వెళ్ళుంటే రెండు నిమిషాలు పైన చేతిలో ఉండేవి, దాంతో నాలుగుకి దగ్గరయ్యేవాడివి.

మోకాలిచిప్ప:
ఒప్పుకోను. మొదటి సగానికీ రెండో సగానికీ తేడా నాలుగు నిమిషాలే. దిగుడు ముందు, ఎక్కుడు తర్వాత ఉన్న కోర్సులో మొదటి ఫుల్‌కి అది చాలా పద్ధతైన పరుగు. 8:40లో దిగుంటే ఆ బిగుసుకోవడం ఇరవై ఒకటి దగ్గర కాకుండా పదహారు దగ్గర మొదలయ్యేది, నాలుగూ పదిహేను అయ్యేది.

బోస్టన్ పిచ్చి:
అదీ ఊహే కదండీ, నాదీ ఊహే. ఏదో ఒకటి వదులుకోందే ఆ కోర్సులో టైము రాదు అని నా ఉద్దేశం.

నెమ్మదిరాణి:
ఆయన ఆ రైలు దారి గురించి రాసింది చదివారా లేక అంకెలే చూశారా ఇద్దరూ?

కాలువగట్టు గారూ శుభాకాంక్షలు. వచ్చే అక్టోబర్ మెయిన్ రండి, మీ అత్తగారికి సముద్రం చూపించొచ్చు.

గచ్చిబౌలి గాలి:
నేను గూడ పోయిన అన్నలు, 4:31. చలిల ఉరుకుడు ఇంత సుఖమా! హైదరాబాద్‌ల ఇదే కష్టానికి ఐదు గంటలు పడ్తది. కాలువగట్టు అన్నా, ఆ గో వి వి అన్న గుంపు నాక్కూడా దొరికింది, నా పేరుల వి లేనే లేదు, అయినా వి వి అనే అరిచిర్రు, ఇండియనోళ్ళందరికి అదే ఖాయం చేసిర్రు అనుకుంట.

ఎడిసన్ బాబాయ్:
😂😂 మా ఆవిడ కూడా వచ్చే ఏడు ఇదే అంటోంది. కాలువగట్టూ, కారు ఎక్కడ పెట్టావు, కోర్ట్‌హౌస్ దగ్గర దొరికిందా?

కాలువగట్టు:
డౌన్‌టౌన్ గ్యారేజీలో బాబాయ్, బస్సు ఎక్కే చోటికి నడిచే దూరమే. చీకట్లోనే వెళ్ళిపోయాం కాబట్టి ఖాళీగా ఉంది. పైఅంతస్తులో మాత్రం పెట్టొద్దు, రేసయ్యాక లిఫ్టు దగ్గర పెద్ద లైను, మెట్లు దిగే పరిస్థితి ఎవరికీ ఉండదు.